మా సందు వార్డు మారిన వైనం

గోడ మీద కాగితం అంటించి ఉంటే ఆగి చదవకుండా ముందుకు కదల్లేను నేను. కరెంటు కోత నోటీసైనా సరే, తప్పిపోయిన కుక్కపిల్ల ఫొటో అయినా సరే. మా ఇంట్లో దీన్ని రోగం కిందే జమ కట్టేశారు. "ఆ కాయితంలో నీ పేరేటైనా ఉన్నాదేటే, అలగ గుడ్లప్పగించి సూత్తన్నావు?" అని మా మేనత్త బజారులో నా జబ్బ పట్టుకుని లాగేది. నాలుగడుగులు లాగాక, "ఇంతకీ ఏటి రాసినారే?" అని అడిగేదీ ఆవిడే. తాతల కాలం నుంచి బర్మాలోనే ఉన్నాం కనక అత్తకి బర్మా మాట బాగా వచ్చు. కూరలమ్మే ఆవిడ చేతులెత్తేసేలా బేరం ఆడగలదు. అక్షరం మాత్రం రాదు. ఆఫీసు మెట్లెక్కితే ఆ మాట కూడా ఎక్కడికి పోతుందో పోతుంది, నా కొంగు పట్టుకుని నిలబడిపోతుంది.

ఒక సాయంత్రం లమ్మడాలో నా సరుకు రవాణా ఆఫీసు నుంచి బస్సులో వచ్చి, అహ్లోన్‌లో దిగి, రేవు గేట్ల వెనక మా సందుకి నడుస్తున్నాను. వార్డు ఆఫీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. చదివాను. నమ్మకం కలగక మళ్ళీ చదివాను. మా వార్డుకీ పక్క వార్డుకీ మధ్య సరిహద్దు మారుస్తారట. ఇన్నాళ్ళూ మా సందు చివర కాలవ సరిహద్దు. ఇకమీదట సందు మొదట్లో పెద్ద రోడ్డు సరిహద్దు. అంటే మేం మంచం మీంచి లేవకుండానే పక్క వార్డువాళ్ళం అయిపోతాం. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు ఫలానా రోజు బౌద్ధుల ధర్మశాలలో జరిగే సమావేశంలో తెలపవచ్చునని కింద రాసి ఉంది.

నాకు ముందు కోపం రాలేదు, భయమూ రాలేదు. ఈ గీత ఎవరు గీస్తారబ్బా అని ఒకటే ఆత్రం పుట్టింది. ఎక్కడో ఒక గదిలో ఒక బల్ల దగ్గర ఒక మనిషి కూర్చుని, స్కేలు పెట్టి, మా సందు మీదుగా పెన్సిలు లాగి ఉంటాడు కదా. ఆ మనిషికి మా సందు తెలుసా? ఎవరైనా వెళ్ళి అడిగారా, ఆయనకే తోచిందా? ఇల్లు చేరేదాకా అదే ఆలోచన.

అత్తకి చెబితే ఆవిడ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "మరి పిల్ల కాయితం?" అంది.

అసలు సంగతి అదీ. అత్త కూతురి కూతురు పదో తరగతి పాసై, నర్సు చదువుకి వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. దానికి పౌరసత్వం కార్డు కావాలి. కార్డుకి దరఖాస్తు పెట్టాలంటే మొట్టమొదట వార్డు పెద్ద సిఫారసు కావాలి. ఈ పిల్ల ఇక్కడే పుట్టింది, వీళ్ళు ఇక్కడివాళ్ళే, నేనెరుగుదును అని ఆయన చెప్పాలి. మా వార్డు పెద్ద పాతకాలం బడిపంతులు. మా సందులో సగంమంది చెవులు ఆయన మెలిపెట్టినవే. ఆయనుంటే పరవాలేదు. కానీ ఆయనకంటే ముందున్న పెద్దకి మేమెవరమో తెలీదు. ఆ రోజుల్లో ఈ పిల్ల అన్న కార్డు కోసం తిరిగి తిరిగి, మీ ముత్తాత ఏ ఓడలో వచ్చాడో చూపించమంటే ఏ కాగితం చూపించాలో తెలియక, కుర్రాడు వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ బెంగ అత్త కడుపులో అలాగే ఉంది.

"కొత్త వార్డులో మనల్ని ఎరిగినోళ్ళెవులున్నారే? మళ్ళీ మొదట్నుంచి ఎక్కడోళ్ళు, ఎప్పుడొచ్చినారు అంతారు. నాను ఒప్పుకోను. మన సందు ఒప్పుకోదు" అంది. అనే హక్కు ఆవిడకి ఉంది. ఇక్కడ పదిళ్ళకి ఒక పెద్ద ఉంటారు. నేను చెప్పేది ఇంటికో ఓటు వేసి వాళ్ళని ఎంచుకున్న రోజుల సంగతి. మా సందుకి పదిళ్ళ పెద్ద మా అత్తే. పోటీకి ఎవరూ దిగలేదు, అంత నోరున్న మనిషితో ఎవరు దిగుతారు?

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సందులో మాకో చిన్న అమ్మవారి గుడి ఉంది. గుడి విషయాలు తేల్చుకోవడానికి పెద్దలు కూర్చున్నప్పుడు, ఎవరూ నోరు తెరిచి వద్దు అనరు. చెప్పాల్సింది చెప్పాక ఇత్తడి పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి కుడివైపు నుంచి తిప్పుతారు. ఒప్పుకున్నవాళ్ళు ఆకు తీసుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు చేతులు కట్టుకుని పళ్ళేన్ని అలా పోనిస్తారు. ఇద్దరు ముగ్గురు ముట్టకపోతే ఆ మాట అంతటితో పక్కకి వెళ్ళిపోతుంది. ఎందుకు ముట్టలేదని అడగడం కూడా తప్పే. రేవు కూలీలు మేస్త్రీ మొహం మీద కాదనలేని రోజుల్లో పుట్టిన పద్ధతట ఇది. మా తాతల నుంచి ఇలాగే నడుస్తోంది, దెబ్బలాటలు లేకుండా.

సమావేశం రోజు సందంతా తల దువ్వుకుని, మంచి లుంగీలూ చీరలూ కట్టుకుని ధర్మశాలకి బయల్దేరింది. నేను అందరికంటే ముందే వెళ్ళాను, గోడకి తగిలించిన మ్యాపు చూడాలి కదా. టౌన్‌షిప్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు, పక్కన మా వార్డు పెద్ద పంతులుగారూ ఉన్నారు. మ్యాపులో మా సందు అగ్గిపుల్లంత ఉంది, పేరు లేదు. మా గుడి అసలే లేదు. నేను ఊరుకోలేక, అయ్యగారూ అన్నట్టు బర్మా మర్యాదలో, "సయా, ఈ గీత ఎవరు గీశారండీ?" అని అడిగాను.

"పైనుంచి వచ్చింది" అన్నాడు.

"పైన ఎవరు?"

"కిందనుంచి అడిగితేనే పైనుంచి వచ్చింది."

"కింద ఎవరు అడిగారండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చున్నాను. కానీ జోరీగలా ఆ ప్రశ్న చెవిలో తిరుగుతూనే ఉంది.

అధికారి మంచిగానే చెప్పాడు. కాలవ రెండు వార్డులకీ హద్దు కావడంతో ఎవరూ బాగుచేయించడం లేదట. మీదంటే మీదని ఆయా వార్డులు తోసుకుంటున్నాయట. కాలవ పూర్తిగా ఒక వార్డులోకి వస్తే పని జరుగుతుందట. అందులో అబద్ధమేమీ లేదు. వానాకాలం మా వంటింట్లోకి ఆ కాలవ నీళ్ళు వచ్చినప్పుడల్లా ఏ వార్డుని తిట్టాలో తెలియక రెండింటినీ తిట్టినవాళ్ళమే. ఆయన మాట ముగించి, "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన లఫెట్ పళ్ళెం తెచ్చి మా వరసలో మొదట కూర్చున్న అత్త ముందు పెట్టాడు. ఊరబెట్టిన తేయాకు, చుట్టూ గదుల్లో వేయించిన వెల్లుల్లి, నువ్వులు, పల్లీలు. బర్మావాళ్ళ ఇంట ఎవరికైనా చేసే మర్యాద అది, అంతకుమించి ఏమీ లేదు.

అత్త వీపు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుంది.

ఆవిడ పక్క ఆవిడ కూడా కట్టుకుంది. ఆ పక్క ఆయనా అంతే. పళ్ళెం మా వరస పొడవునా అలా జరిగిపోయింది. మా చిన్నాన్న వరసాయన ఒకాయన చెయ్యి అలవాటుగా పల్లీల మీదికి పోతే, వాళ్ళావిడ తొడపాశం పెట్టింది. ఆయన చెయ్యి భుజం మీది గుడ్డలో దాచుకున్నాడు. ఇక నా సంగతి. ఆఫీసులో రోజూ మధ్యాహ్నం లఫెట్ లేనిదే నాకు పూట గడవదు. నోట్లో నీళ్ళూరాయి కూడా. అయినా అత్త చేతులు చూసేసరికి నా చేతులు వాటంతటవే ముడుచుకున్నాయి. ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. ఇది గుడి కాదే, ఇది తాంబూలం కాదే అని నా బుర్రకి తట్టలేదంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.

పళ్ళెం తెచ్చినాయన మా మొహాలు చూసి, గబగబా లోపలికెళ్ళి అరటిపళ్ళ అత్తం తెచ్చాడు. మావాళ్ళు అదీ ముట్టలేదు. ఇంకా బిగుసుకుని కూర్చున్నారు. అధికారి ఒకసారి హాలంతా కలయజూసి, ఏదో రాసుకుని, అందరికీ దండం పెట్టి లేచాడు.

ఇంటికొస్తుంటే సందంతా పండగే. "సూసినావా, ఒక్కరు ముట్టినేదు. మొకం మాడిపోనాది ఆయనకి" అని అత్త. "నాకు పల్లీలు పోనాయి గాని" అని చిన్నాన్న. మా అభ్యంతరం ధర్మశాల గోడలు అదిరేలా చెప్పేశామని అందరికీ గట్టి నమ్మకం.

వారం తిరక్కముందే నేను వార్డు ఆఫీసుకి వెళ్ళాను. గీత సంగతి ఎటు తేలిందో కనుక్కోకపోతే నాకు అన్నం సయించదు. పంతులుగారు టీ తాగుతున్నారు. "ఏముంది, మీ సందు వెళ్ళిపోతోంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదని పైకి రాశారు" అన్నారు.

"అదేంటండీ, మేమందరం చెప్పాం కదా!"

"ఎప్పుడు?"

చేతులు కట్టుకోవడం, పళ్ళెం, తాంబూలం మొత్తం వివరించాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే సన్నగా వినిపించింది. ఆయన టీ కప్పు కింద పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "లఫెట్ తినకపోతే అభ్యంతరమా తల్లీ! మీకు తేయాకు పడదేమో అనుకున్నాను నేను!" నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాక ఆయన మొహం మారిపోయింది. "ఇక్కడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే రాస్తారు. కాదంటే నోటితో కాదనాలి. ఇంకా ఆర్డరు రాలేదు. టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్ళి మాటతో చెప్పండి, రాసుకుంటారు. మారుతుందని మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

ఆ కబురు సందుకి తెచ్చాక జరిగిన రభస చెప్పతరం కాదు. "నువ్వు బర్మా సదివినదానివి కాదేటే, అక్కడే సెప్పకూడదా?" అని నా మీద పడ్డారు. "నీ చేతులు చూసే నేనూ కట్టుకున్నాను" అని నేను అత్త మీద పడ్డాను. చిన్నాన్న అయితే, "ఓరి నాయనో, వొట్టి పున్నేనికి పల్లీలు పోనాయిరా" అని గోల. చివరికి అత్తే, "రేపు ఎల్దాం పదే. నోటితోనే సెప్తాను" అంది.

టౌన్‌షిప్ ఆఫీసులో బెంచీల మీద చాలామంది ఉన్నారు. వేర్వేరు పనుల మీద వచ్చిన పదిళ్ళ పెద్దలు, గళ్ళ లుంగీల మగవాళ్ళు. అత్త నా కొంగు పట్టుకుంది. మా వంతు వచ్చాక బల్ల దాకా అలాగే నడిచింది. తర్వాత కొంగు వదిలేసింది. నేను ఉన్నానన్న సంగతి మరిచి, బజారు బర్మాలో గట్టిగా అంది: "మేం ఆ వార్డుకి వెళ్ళం సయా. ఇక్కడ పంతులుగారు మాకు తెలుసు, మేం ఆయనకి తెలుసు. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మా పిల్లకి కార్డు కావాలి. ఎరగనివాళ్ళు ఎలా చెబుతారు, ఈ పిల్ల ఇక్కడిదే అని?"

గదిలో అందరూ తిరిగి చూశారు. నా గుండె గర్వంతో పొంగిపోయింది, నిజం చెబుతున్నాను. అధికారి ఆ మాటలు రాసుకున్నాడు. మా ముందే చదివి వినిపించాడు కూడా. "పైకి పంపుతాను అమే. కాలవ సంగతి కూడా చూడాలి కదా" అన్నాడు. అమే అంటే అమ్మా అని.

పైకి పంపే ఉంటాడు. కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది. బోర్డు మీద నేనే ముందు చదివాను. గీత పెద్ద రోడ్డు మీదికి జరిగిపోయింది. అత్త పదిళ్ళ పెద్దరికం కూడా అంతటితో ఆగింది, కొత్త వార్డులో మళ్ళీ ఎంచుకునేదాకా. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. మనవరాలు, "పోనీలే అమ్మమ్మా, నర్సు కాకపోతే ఏటి, ఏదో షాపులో చేరతాను" అంది. ఆ పోనీలే వినలేక నేను బయటికొచ్చి నిలబడ్డాను.

నర్సు చదువుకి గడువు దగ్గర పడుతోంది. ముగ్గురం కాలవ దాటి కొత్త వార్డు ఆఫీసుకి వెళ్ళాం. వార్డు పెద్ద నా కంటే చిన్నవాడిలా ఉన్నాడు. కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, అనుకున్నంతా అడిగాడు. "ఈ అమ్మాయిని ఎరిగినవాళ్ళు కావాలి. బంధువులు పనికిరారు. ఈ వార్డు మనిషై ఉండాలి, పదిళ్ళ పెద్ద అయితే మంచిది. ఎవరైనా ఉన్నారా?"

అత్త నా వంక చూసింది. నేను కాగితాల వంక చూశాను.

"నేనున్నాను" అన్నారెవరో వెనక నుంచి.

తిరిగి చూస్తే కాలవ అవతల టీ కొట్టాయన, నేను దూరం నుంచి చూడడమే. ధర్మశాలలో మా ముందు లఫెట్ పళ్ళెం పెట్టినాయన ఈయనేనని నాకు అప్పుడు తట్టింది. గళ్ళ లుంగీ పైకి కట్టుకుని ముందుకొచ్చాడు. అత్త మీద కాస్త కోపంగానే ఉన్నట్టుంది. "మొన్న టౌన్‌షిప్ ఆఫీసులో నేనూ పదిళ్ళ పెద్దల బెంచీ మీదే ఉన్నాను అమే. ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరన్నారు. పోనీ అనుకున్నాను. అంతకుముందు ధర్మశాలలో నా చేతి లఫెట్ తినలేదు, ఉపవాసమేమో అని అరటిపళ్ళు తెస్తే అవీ తినలేదు. అదీ పోనీ అనుకున్నాను" అన్నాడు.

తర్వాత వార్డు పెద్ద వైపు తిరిగాడు. "ఈ పిల్ల పుట్టినప్పుడు కాన్పు చేసిన మంత్రసానికి రిక్షా పిలిచింది నేను. అన్నని ఏడిపించి ఐసు కోసం నా కొట్టుకి పరిగెత్తుకొచ్చేది. పదో తరగతి ఒకసారి తప్పింది, రెండోసారి పాసైంది. నాలుగో ఐదో ఏళ్ళప్పుడు వానలో ఈ కాలవలో పడితే తీసింది నేను. మా ఆవిడ కడిగి, మా అమ్మాయి బట్టలు తొడిగి ఇంటికి పంపింది. ఆ ఏటి నుంచి అడుగుతున్నాను సయా, కాలవని ఒక్క వార్డులో పెట్టండి, మూత వేయించండి అని. ఇన్నేళ్ళకి విన్నారు. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

ఆయన సంతకం పెడుతుంటే ఆయన వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. గీత కోసం కిందనుంచి అడిగిన మనిషి ఈయనా! ఊరంతా ఆరాలు తీశాను, మ్యాపు చూశాను, అధికారిని విసిగించాను. కాలవ దాటి ఒక టీ తాగి ఉంటే సరిపోయేది. పిల్ల కాలవలో పడిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరో బర్మా ఆయన తీశాడట అని చెప్పుకునేవాళ్ళం. ఆ ఎవరో ఎవరని ఒక్కరమూ అడగలేదు.

పిల్ల ఆయనకి వంగి దండం పెట్టింది. ఆయన, "నర్సువయ్యాక నా మోకాలు చూద్దువుగాని, పో" అని కసిరాడు.

కాగితం పిల్ల చేతిలో ఉంది. సంతోషంతో ముందు గెంతుకుంటూ పోతోంది. అత్త నా వెనక తలొంచుకుని నడుస్తోంది. తలొంచుకుని నడిచే మనిషి కాదు ఆవిడ, అందుకే నాకు కంగారుగా ఉంది. కాలవ మీద పలక దాకా వచ్చి ఆగిపోయింది.

"ఒలే" అంది. "ఆయన కూతురి బట్టలు. మనం తిరిగిచ్చినామేటే?"

"తెలీదత్తా" అన్నాను.

"నాకూ తెల్దు" అంది. కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి, టీ కొట్టు వైపు నడిచింది.